నిలువ నీడలేని మనోరోగి కడకు వైద్యము నడచి రావలెను

గోదావరి డెల్టాలో కాలువ గట్టు వెంబడి పోవువారికి లాకుల వద్దనో, బస్సు షెల్టరులోనో, మూతపడిన బియ్యపు మిల్లు అరుగు మీదనో ఒక మనిషి కనబడుట క్రొత్త సంగతి కాదు. జుట్టు జడలు కట్టియుండును. రోహిణి కార్తె ఎండలో సైతము రెండు మూడు చొక్కాలు ఒకదానిమీద నొకటి తొడిగియుండును. చంకలో గోనెసంచి. అందులో చిత్తు కాగితములు, ఖాళీ సీసాలు, ఇతరులెవరును తాకరాదని ఆయన కాపాడుకొను ఏవేవో వస్తువులు. తనలో తాను మాటలాడుకొనుచుండును. పిల్లలు రాళ్లు రువ్వుదురు; పెద్దలు చూచియు చూడనట్లు పోవుదురు; ఊరిలో పెండ్లి జరిగిన నాడు ఎవరో ఒకరు విస్తరి పెట్టుదురు. ఆయన ఎవరని అడిగినచో వచ్చు సమాధానము ఒక్కటే: "పిచ్చోడండి. ఎక్కణ్ణించి వచ్చాడో ఎవరికీ తెలీదు."

ఈ వ్యాసము ఆ మనిషిని గూర్చినది. ఓటర్ల జాబితాలో ఆయన పేరు లేదు. రేషను కార్డు లేదు. ఇంటిపన్ను పుస్తకములో ఆయన లెక్క లేదు. అట్టివాని విషయములో పంచాయతీకి పని యేమని సభ్యులు కొందరు మమ్ము అడిగియున్నారు. ప్రశ్న సహజమైనదే. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. వానిలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఒకటి. వికలాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము మరియొకటి. ఆ సంక్షేమము ఇల్లు గలవారికి మాత్రమేయని అందెచ్చటను వ్రాసి లేదు.

ఇల్లు లేనివారనగానే మనకు మహానగరముల కాలిబాటలు తోచును. 2011 జనాభా లెక్కలలో ఇల్లులేనివారుగా నమోదైనవారు దేశమంతట 17 లక్షల 72 వేలకు పైగా నుండిరి. వారిలో 8 లక్షల 34 వేలమంది గ్రామ ప్రాంతములలో లెక్కకు వచ్చినవారే. వీరందరును మనోరోగులు కారు. పేదరికము, వలస, కుటుంబ కలహము, వరద, వీనిలో ఏదో ఒకటి వారిని వీధికి తెచ్చినది. కాని మనోరోగమును నిరాశ్రయతయు ఒకే మనిషిని పట్టుకొన్నప్పుడు ఆ మనిషి తనంతట తానుగా ఆసుపత్రి మెట్టు ఎక్కలేడు. ఈ సంగతి నుండియే మేము చెప్పదలచిన తక్కిన విషయమంతయు బయలుదేరుచున్నది.

ఎచ్చటినుండి వచ్చుచున్నారు

హౌరా నుండి మద్రాసుకు పోవు రైలు మార్గము మన జిల్లాల నడుమగా సాగుచున్నది. సామర్లకోట, రాజమహేంద్రవరము, నిడదవోలు, తాడేపల్లిగూడెము, ఏలూరు స్టేషనులలో రాత్రింబగళ్లు బండ్లు ఆగుచుండును. మతి చెదరి ఇల్లు విడిచిన మనిషి మొదట నడచును. పిదప ఏదో ఒక రైలెక్కును. ఆకలి వేసినచోటనో, తనిఖీదారు దింపినచోటనో దిగును. అచ్చటినుండి మరల నడక. అన్నవరము, ద్వారకా తిరుమల, ద్రాక్షారామము, అంతర్వేది వంటి క్షేత్రములలో పిడికెడు అన్నము దొరకునని కొందరు చేరుదురు. దేవుడే చూచుకొనునని చెప్పి బంధువులే వదలిపోయిన వారును లేకపోలేదు. చెప్పుకొనుటకు సిగ్గైన మాటయే గాని నిజము.

కనుక మన లాకుల వద్దనున్న మనిషి ఒడిషావాడో, బెంగాలువాడో కావచ్చును. అట్లే మన తెలుగువాడు ఎచ్చటనో పరాయి ఊరి చెట్టు క్రింద నుండవచ్చును. బొంబాయి నగరమున భరత్ వట్వానీ అను మానసిక వైద్యుడు, ఆయన భార్య డాక్టరు స్మిత ఒకనాడు హోటలులో కూర్చుండియుండగా వీధి అవతల ఒక యువకుడు కొబ్బరి చిప్పతో మురుగు కాలువలోని నీరు ముంచుకొని త్రాగుచుండుట చూచిరి. ఆతనిని తమ చిన్న వైద్యశాలకు తీసికొనిపోయి చికిత్స చేసిరి. కుదుటపడిన పిదప తెలిసినదేమనగా ఆతడు విజ్ఞాన శాస్త్రమున పట్టభద్రుడు. ఆంధ్ర ప్రదేశ్‌కు చెందినవాడు. తండ్రి ఒక జిల్లా పరిషత్తు కార్యాలయమున ఉద్యోగి! ఈ వ్యాసము చదువుచున్న సభ్యులలో ఎందరో పరిషత్తు కార్యాలయములకు పోయి వచ్చువారే. ఆ కార్యాలయపు బల్ల వెనుక కూర్చుండిన తండ్రి తన కుమారునికొరకు ఎన్ని ఊళ్లు తిరిగియుండునో వారే ఊహింపగలరు. ఆ దంపతులు 1988లో స్థాపించిన శ్రద్ధా పునరావాస సంస్థ ఇట్టివారిని వేలకొలది స్వస్థపరచి వారి వారి ఊళ్లకు చేర్చినది. ఆ సేవకు గాను వట్వానీకి 2018లో రామన్ మెగసేసే పురస్కారము లభించినది.

వ్యాధిని గూర్చి కొంత

పిచ్చి యను ఒక్క మాటతో మనము పది వ్యాధులను ఒకే మూటగా కట్టి గట్టుమీద పారవేయుచున్నాము. స్కిజోఫ్రీనియా అనబడు వ్యాధిలో చెంత ఎవరును లేకున్నను మాటలు వినబడును. తనను ఎవరో చంపజూచుచున్నారను నమ్మకము మనసులో గట్టిపడును. ఆ మనిషి మూడు చొక్కాలు తొడుగుట, సంచిని విడువకుండుట మనకు వింతగా తోచును. తలుపు లేని చోట, దొంగల నడుమ, భయముతో నిదురించువానికి అది జాగ్రత్తయే. మరియొక వ్యాధిలో కొన్ని వారములు పట్టరాని ఉత్సాహము, కొన్ని వారములు మాట పెగలని దిగులు మారిమారి వచ్చును. వృద్ధులలో మతిమరుపు వ్యాధి ముదిరినచో తన వీధియే తనకు క్రొత్తదిగా తోచును. అట్టి తల్లి గుడికని బయలుదేరి మూడు జిల్లాల అవతల తేలవచ్చును.

ఇంకొక సంగతి సభ్యులు ముఖ్యముగా గుర్తింపవలెను. మనోరోగమువలె కనబడునదంతయు మనోరోగము కాదు. తలకు తగిలిన దెబ్బ, తీవ్రమైన జ్వరము, రక్తములో చక్కెర పడిపోవుట, చిరకాలపు ఆకలి వలన కొన్ని విటమినుల లోపము, ఇవన్నియు మనిషిని తికమక పరచును. ప్రతిదినము సారాయి త్రాగువాడు ఒక్కసారిగా మానినను రెండు మూడు దినములలో చేతులు వణకి, లేనిపోనివి కనబడి, ప్రాణము మీదికి రావచ్చును. అందుచేత నిన్నటివరకు బాగుగనే మాటలాడిన మనిషి నేడు సంబంధము లేకుండ మాటలాడుచున్నచో ఆలోచనకు తావులేదు, వెంటనే 108కు ఫోను చేయవలెను.

ఇట్టివారు మనలను కొట్టుదురేమో యను భయము ఊళ్లలో ఎక్కువ. దెబ్బలు తగులునది చాల వరకు వారికే. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవని ఫోనులలో వదంతి వ్యాపించి, ఉభయ తెలుగు రాష్ట్రములలో ముక్కు మొగము తెలియని వారిపై మూకలు దాడి చేసినవి; ప్రాణములు పోయినవి. తన పేరు, ఊరు చెప్పుకొనలేనివాడు అట్టి దినములలో అందరికంటె ముందు అనుమానమునకు గురియగును. వదంతి పుట్టిన సాయంకాలమే పంచాయతీ దండోరా వేయించి "ఈయన మన ఊరిలో రెండేండ్లుగా నున్న మనిషి, ముట్టవద్దు" అని చెప్పించినచో ఒక ప్రాణము నిలుచును.

వ్యాధికి మందులున్నవి. 1952లో క్లోర్‌ప్రోమజీను అను మందు వాడుకలోనికి వచ్చిన నాటినుండి ఈ రోగుల చరిత్రయే మారినది. అంతకు ముందే, 1931లో, మన దేశమునకు చెందిన గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్‌లు సర్పగంధి వేరు ఉన్మాదమునకు పనిచేయునని వైద్య పత్రికలో వ్రాసిరి. (అది చదివి ఎవరును సర్పగంధి నూరి పోయరాదు. రక్తపు పోటు పడిపోయి ప్రమాదమగును.) మందులు లేకపోవుట లోపము కాదు. అవి చేరవలసిన చోటికి చేరకపోవుటయే లోపము. 2015–16లో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తీవ్రమైన మనోవ్యాధి గలవారిలో నూటికి 70 మందికి పైగా చికిత్స అందుట లేదని తేలినది. అది ఇంటింటికి పోయి వ్రాసిన లెక్క. ఇల్లే లేనివారు సహజముగా దానికి వెలుపలనే యుందురు.

పంపివేయుట

ఊరినుండి ఇట్టి మనిషిని "పంపివేయుట" యను అలవాటొకటి గలదు. దానిని గూర్చి మేము కన్నది చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట ప్రచార వాహనముతో మధ్య డెల్టాలోని ఒక గ్రామమునకు పోయియుంటిమి. మరునాడు సభ, పెద్దలు రానున్నారు. సైకిలు స్టాండు క్రింద రెండేండ్లుగా నివసించుచున్న ఒకరిని క్రిందటి రాత్రియే కొబ్బరికాయల లారీ ఎక్కించి, దూరముగా జాతీయ రహదారి ప్రక్కన దింపివచ్చిరట. "ఊరు శుభ్రం చేయించామండి" అని ఒక పెద్దమనిషి సంతోషముగనే చెప్పెను. ఆయన చెడ్డవాడు కాడు. ఊరి చెరువుకు గట్టు వేయించినవాడు. మేమును ఆ సభలో తెర కట్టి ఆరోగ్యమును గూర్చిన చిత్రము ప్రదర్శించితిమి. సైకిలు స్టాండు ఖాళీగా నుండుట చూచియు ఒక్క ప్రశ్న అడుగలేదు. పది దినములకు ఇద్దరు అన్నదమ్ములు ఛాయాచిత్రము పట్టుకొని ఆ ఊరికి వచ్చిరి. టీ దుకాణము నడుపు ఆమె చిత్రము చూడగనే "ఆయ్, ఈయనేనండి. పొద్దున్నే టీ ఇస్తే తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లేవాడండి" అనెను. వారు ఆ లారీ దింపిన చోటికి పోయి చూచిరి. ఆయన అచ్చట లేడు.

రెండేండ్లు ఒకేచోట నిలిచిన మనిషికి ఒక చిరునామా ఏర్పడును. సైకిలు స్టాండు, టీ దుకాణము, ఆ ఆడమనిషి, ఇవియే ఆ చిరునామా. వెదకుచు వచ్చు కుటుంబమునకు దారి అదియే. వైద్యునికి దారియు అదియే. లారీ ఎక్కించుటతో రెండు దారులును ఒకేసారి మూసుకొనిపోవును.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహా వరదను, 1996 నవంబరు 6న కోనసీమను కూల్చిన తుఫానును చూచిన సభ్యులకు మరియొక మాట. హెచ్చరిక వచ్చిన రాత్రి మనము ఇండ్ల వరుసను బట్టి జనులను తుఫాను ఆశ్రయములకు తరలింతుము. ఏ ఇంటి వరుసలోను లేని మనిషిని ఎవరు పిలుతురు? తనను చంపుటకే తీసికొనిపోవుచున్నారని భయపడు మనిషి, అంతకు ముందు ఒక్కనాడైనను పలుకరింపని వారు పిలిచినచో వచ్చునా?

వైద్యుడే నడచి పోయినచోట్ల

నెలకు కొన్ని దినములు గ్రామమునకు వచ్చు 104 సంచార వైద్య వాహనమును సభ్యులందరును ఎరుగుదురు. 2020 జూలై 1న మన రాష్ట్రమున 108, 104 వాహనములు 1,088 ఒకేసారి బయలుదేరినవి. రక్తపు పోటు, మధుమేహము గలవారు వరుసలో నిలువబడి మందులు తీసికొనుచున్నారు. ఆ వాహనము సాధారణముగా పంచాయతీ కార్యాలయము ముందో, బడి ముందో ఆగును. మన మనిషి లాకుల వద్ద నుండును. నడుమ దూరము రెండు ఫర్లాంగులు. ఆ రెండు ఫర్లాంగులు ఆయన నడువడు. వరుసలో నిలువడు. పేరడిగిన చెప్పడు. "రమ్మని చెప్పించితిమి, రాలేదు" అని మనము చేతులు దులుపుకొందుము. కాలు విరిగినవానిని పరుగెత్తి రాలేదని తప్పుపట్టుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

ఈ రెండు ఫర్లాంగుల దూరమును వైద్యుడే నడచిన చోట్లు గలవు. కలకత్తాలో 2007లో ఏర్పడిన ఈశ్వర సంకల్ప అను సంస్థ రోగులను కాలిబాట నుండి తరలింపకుండగనే, వారున్న చోటనే వైద్యము చేయించు పద్ధతిని చేపట్టినది. ఆ పద్ధతిలో ముఖ్యుడు వైద్యుడు కాడు. ఆ మూలనున్న టీ దుకాణదారుడో, ఇస్త్రీ చేయువాడో, పండ్లమ్మునామెయో ముఖ్యులు. అంతవరకు దయతో అన్నము పెట్టుచున్న మనిషియే ఇకమీదట దినమునకు ఒకసారి మాత్రను కూడ చేతిలో పెట్టును. వైద్యుడు, సాంఘిక కార్యకర్త వచ్చి చూచి పోవుచుందురు. చెన్నైలో 1993లో ఇద్దరు యువతులు, వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్, వీధిలో దిక్కులేక తిరుగుచున్న ఒక మనోరోగిని చేర్చుకొనుటకు ఏ సంస్థయు సిద్ధపడకపోగా తామే ది బాన్యన్ అను ఆశ్రయమును స్థాపించిరి. అదే రాష్ట్రమున పుదుక్కోట్టై జిల్లా పల్లెలలో స్కార్ఫ్ సంస్థ ఒక బస్సును వైద్యశాలగా మార్చి త్రిప్పినది. బస్సులో కూర్చుండిన రోగితో చెన్నైలోని వైద్యుడు తెరమీద మాటలాడును, మందులు బస్సులోనే ఇత్తురు.

విదేశములలోను ఇట్టి యత్నములు గలవు. బెల్జియము దేశమున గీల్ అను ఊరిలో మధ్యయుగముల నుండియు గృహస్థులు మనోరోగులను తమ యిండ్లలో ఉంచుకొని పోషించుచున్నారు. అది మనకు సాధ్యమాయని వెంటనే అడుగుదురు గాబోలు. అంత దూరము పోనక్కరలేదు. మనము రెండు ఫర్లాంగులను గూర్చి మాత్రమే మాటలాడుచున్నాము.

ఇట్టి సంచార వైద్యమున మొదటి కొన్ని రాకలలో మందు ప్రసక్తియే యుండదు. అదే దినమున, అదే వేళకు, అదే మనిషి వచ్చి కొంత ఎడముగా కూర్చుండును. నీళ్లిచ్చును. కాలిపుండు కడుగుదునా యని అడుగును. రెండవమారో, నాలుగవమారో రోగి సంచి ప్రక్కకు జరిపి చోటిచ్చును. అప్పుడు మాట మొదలగును. వైద్యుడు పరీక్షించి మాత్రలు వ్రాయును. మాత్రలు దాచుకొనలేనివారికి రెండు మూడు వారములకో, నెలకో ఒకసారి ఇచ్చు ఇంజక్షనులును గలవు. ఊరూర తిరుగువారికి ఇవి ఎంతో అనువైనవి. కాని తిరిగి ఇయ్యవలసిన దినమున ఆ మనిషి దొరకవలెను గదా! అందుకే "పంపివేయుట"కు ఈ వైద్యమునకు పొసగదు.

పూర్వము మన జిల్లాలవారికి మనోవైద్యమనగా విశాఖపట్టణపు పెద్ద ఆసుపత్రియే. రాజమహేంద్రవరము నుండి అది సుమారు 200 కిలోమీటర్లు. ఇప్పుడు కాకినాడలో 1958 నాటి రంగరాయ వైద్య కళాశాలకు చెందిన ప్రభుత్వాసుపత్రి గలదు. రాజమహేంద్రవరము, ఏలూరులలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. 1996లో దేశమున ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ఉద్దేశమే వైద్యమును పెద్ద ఆసుపత్రి గోడ దాటించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వరకు తెచ్చుట. అచ్చటినుండి లాకుల వరకు తెచ్చుట పంచాయతీ అడిగినగాని జరుగదు. సభలో ఒక తీర్మానము చేసి, ఫలానా చోట ఫలానా మనిషి యున్నాడు, వాహనము వచ్చిన దినమున వైద్యాధికారి అచ్చటికి వచ్చి చూడవలెనని ఆరోగ్య కేంద్రమునకు వ్రాసి పంపవలెను. ఒక ప్రతిని జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి పంపవలెను. నోటిమాటగా అడిగినది నోటిమాటగనే పోవును. కాగితమునకు సమాధానము వ్రాయక తప్పదు. మా ఉద్యోగానుభవముతో చెప్పుచున్న మాట యిది. ఏమి చేయవలెనో తోచనప్పుడు 14416కు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ అను ఈ ఉచిత సేవలో తెలుగులోనే మాటలాడుదురు.

చట్టము చెప్పునది

2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును సభ్యులు తెలిసికొనుట అవసరము. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు, వారియొద్ద కార్డున్నను లేకున్నను, దిక్కులేనివారు, ఇల్లులేనివారు, వీరందరికిని ప్రభుత్వ వైద్యశాలలలో మానసిక చికిత్స ఉచితము. ఆధారు కార్డు లేదని త్రిప్పి పంపుటకు వీలులేదని దీని భావము.

తన్ను తాను చూచుకొనలేని స్థితిలో తిరుగుచున్న మనోరోగిని రక్షణలోనికి తీసికొనుట ఆ ప్రాంతపు పోలీసు స్టేషను అధికారి విధి అని 100వ సెక్షను చెప్పుచున్నది. ఇరువదినాలుగు గంటలు మించకుండ ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను. లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు. తప్పిపోయిన మనిషిగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి, కుటుంబమును వెదకుట కూడ ఆ అధికారి విధియే. "ఇది మా పని కాదు" అని స్టేషనులో ఎవరైన అన్నచో ఈ సెక్షను పేరు చెప్పుడు. అప్పటికిని కదలనిచో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును, ఫోను 15100.

మనోరోగిని గొలుసులతో బంధించుటను ఇదే చట్టము 95వ సెక్షనులో నిషేధించినది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున పాకలకు నిప్పంటుకొనగా గొలుసులతో కట్టబడియున్న 28 మంది రోగులు కదలలేక కాలిపోయిరి. ఇంటివద్ద మంచమునకు కట్టివేయబడిన మనిషి మీ వార్డులో నున్నచో అదియు కనిపెట్టవలసిన విషయమే. అట్టి కుటుంబమును నిందించుటకంటె ముందు వారికి మందు దొరకు దారి చూపుడు. తోచక కట్టినవారే యెక్కువ.

అయితే పోలీసులను పిలుచుట ప్రతిసారియు మొదటి మెట్టు కానక్కరలేదు. ఆ మనిషి తిని, నిదురించి, ఎవరికిని హాని లేకుండ నున్నప్పుడు వైద్యుని అచ్చటికి రప్పించుటయే మేలు. బలవంతముగా వాహనమెక్కించినచో మరల జీవితములో తెల్ల చొక్కా చూచిన పారిపోవును.

సభ్యులు చేయదగినది

మొదటి పని పలుకరించుట. నిలువబడి కాదు, కూర్చుండి. వెనుకనుండి కాదు, ఎదురుగ కనబడునట్లు. రెండు బారల ఎడముతో. ఏకవచనము విడువుడు. టీ దుకాణపు ఆడవారు ఇట్టివారిని "అన్నయ్యా" అని పిలుచుట మేము వినియున్నాము; పాఠశాలలో నేర్పని మానసిక వైద్యము అది. స్త్రీ అయినచో స్త్రీ సభ్యురాలో, ఆశా కార్యకర్తయో పోవలెను. వీధిలోనున్న స్త్రీకి రాత్రి యన్నది మగవారికి వలె కాదు. ఆమె విషయములో ఒక్క రాత్రియు ఆలస్యము చేయక 181కు గాని 112కు గాని తెలుపవలెను. వృద్ధులకు 14567, పిల్లలకు 1098.

భాష తెలియకున్న నిరాశ పడనక్కరలేదు. భీమవరము ప్రాంతపు చేపల చెరువులపై, ఇటుకల బట్టీలపై ఒడిషానుండి వచ్చిన కూలీలు పనిచేయుచున్నారు. వారిలో ఒకరిని పిలిచి మాటలాడించినచో పోలీసులకు అందని ఆచూకీ అరగంటలో అందవచ్చును. ఊరి పేరు అడిగిన భయపడుదురు. మీ ఊరి ఏరు పేరేమి, సంత ఏ వారము, బడిలో మాస్టారు ఎవరు, పండుగకు ఏమి వండుదురు అని అడిగినచో ఎచ్చటనో ఒక తీగ కదలును.

పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము ఉంచవలెను. ఏ తేదీన ఎచ్చట కనబడెను, ఏ భాష, ఏమి తినును, ఒంటిమీద గాయములు, పచ్చబొట్లు, ఎవరు అన్నము పెట్టుచున్నారు, వైద్యుడు ఏనాడు చూచెను, మరల ఏనాడు ఇంజక్షను. వెల యేబది రూపాయల పుస్తకము. పైన చెప్పిన అన్నదమ్ములకు కావలసియుండినది సరిగా ఇదియే. ఛాయాచిత్రము తీసినచో పోలీసులకు, ఆరోగ్య కార్యకర్తకు ఇయ్యుడు. వాట్సాపులో ఊరంతటికిని పంచి నవ్వులపాలు చేయవలదు. చికిత్సలోనున్న రోగి చిత్రమును అతని సమ్మతి లేనిదే పత్రికలకు ఇయ్యరాదని చట్టమున నియమము గలదు.

స్వస్థుడై ఇల్లు చేరిన మనిషి విషయము వేరు. కర్జత్ నుండియో చెన్నై నుండియో మీ ఊరివాడే తిరిగి రావచ్చును. ఆనాడు ఊరంతయు చూడవచ్చును. కంట నీరు పెట్టుకొందురు. మూడు నెలలకు మాత్రలు అయిపోవును. బాగైనది గదాయని ఇంటివారు మానిపింతురు. ఆరవ నెలలో మరల రైలెక్కును. కనుక వచ్చిన మరునాడే మందుల చీటీని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చూపించి, నెలనెల మాత్రలు చేరునట్లు ఆశా కార్యకర్తకు అప్పగింపవలెను. ఆ తేదీలును పై పుస్తకములోనే వ్రాయవచ్చును. దీనిని పంచాయతీ కాక మరి యెవరును చేయజాలరు. అంత దూరపు సంస్థ ప్రతి ఊరికి మనిషిని పంపలేదు.

2015 జూలైలో జరిగిన గోదావరి పుష్కరములు పండ్రెండేండ్లకు, అనగా 2027లో, మరల వచ్చును. రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవు, పుష్కరాల రేవు మొదలుకొని అంతర్వేది వరకు రేవున్న ప్రతి ఊరిలోను పండ్రెండు దినములు జనము క్రిక్కిరియును. ఆ జనములో చేయి విడిపోయిన వృద్ధులు, మందు మరచిన రోగులు, ఇంటివారే విడిచిపోయినవారు కొందరు తప్పక మిగులుదురు. రేవు గల పంచాయతీలు ఆ పుస్తకమును పుష్కరములకు ముందుగనే తెరచి, ఆరోగ్య సహాయకురాలి ఫోను నెంబరును, స్టేషను నెంబరును మొదటి పుటలో వ్రాసియుంచుట మంచిది. పండ్రెండవనాటి సాయంకాలము బస్సులన్నియు పోయిన పిదప, రేవు మెట్లమీద ఇంకను కూర్చుండియున్నవారెవరో చూచుటకు ఇద్దరు సభ్యులు పోవలెను.